పక్షుల రాజు రెన్: ఏడాదంతా మర్యాద, ఒక్క రోజు వేట ఎందుకు?

సాయంసంధ్య:

సభ్యులకు నమస్కారం. ఐర్లండ్, వేల్స్, ఐర్లండ్‌కూ బ్రిటన్‌కూ నడుమనున్న మాన్ దీవి, ఫ్రాన్స్ వాయవ్య కొసనున్న బ్రిటనీ ప్రాంతాల జానపద విశ్వాసాలను గురించి చదువుతున్నప్పుడు మాటిమాటికీ ఎదురవుతున్నది రెన్ అనే ఒక చిన్న పిట్ట. దానిని పక్షులన్నిటికీ రాజు అంటారు. దాని గూటిని ముట్టుకుంటే ఒంటిమీద పొక్కులు లేస్తాయని, దానిని చంపినవారికి కీడు తప్పదని పెద్దలు పిల్లలను భయపెట్టేవారట. అదే జనం క్రిస్మస్ మరునాడు కర్రలు పట్టుకొని, పొదలన్నీ గాలించి, ఆ పిట్టనే కొట్టి చంపి, అలంకరించిన కొమ్మకు కట్టి, పాటలు పాడుతూ ఇంటింటికీ తిప్పేవారు. ఏడాదంతా తాకరానిది ఆ ఒక్క రోజున వేటకు ఎలా పనికివచ్చింది? డ్రూయిడ్లకు, అంటే ఈ ప్రాంతాల ప్రాచీన కెల్టిక్ ప్రజల పురోహితులకు, అది పవిత్రమైనది కనుక క్రైస్తవ మతం వచ్చాక పగబట్టి చంపించారని చాలాచోట్ల ఒకే వాక్యంలో తేల్చేస్తున్నారు. ఆ మాటకు ఆధారం ఎంత ఉన్నదో తెలిసినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను. పిట్ట గురించి, వేడుక గురించి, పాత గ్రంథాల గురించి ఎవరికి తెలిసినది వారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

గూటిగువ్వ:

కథల్లోకి వెళ్లేముందు పిట్టను చూడడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే ఈ కథల్లో సగం దాని నడవడి నుంచే పుట్టాయి. పొడవు తొమ్మిది పది సెంటీమీటర్లు. బరువు పది గ్రాములకు అటూ ఇటూ. ముదురు గోధుమ రంగు ఒంటిమీద సన్నని అడ్డచారలు, ఎప్పుడూ నిక్కబొడుచుకొని ఉండే పొట్టి తోక. నేలకు దగ్గరగా, ముళ్లపొదల్లో, రాతిగోడల సందుల్లో, కూలిన చెట్ల వేళ్ల మధ్య ఎలుకలాగా దూరిపోతూ పురుగులను ఏరుకుంటుంది. దాని శాస్త్రీయ నామం ట్రోగ్లోడైటిస్ ట్రోగ్లోడైటిస్. గ్రీకులో గుహల్లో నివసించేది అని అర్థం. ఇంత చిన్న ఒంటికి ఆ గొంతు ఎక్కడిదని విన్నవారెవరైనా ఆశ్చర్యపోతారు. పైగా తక్కిన పక్షులు చాలావరకు మౌనంగా ఉండే నడి శీతాకాలంలో కూడా అది పాడుతుంది. డిసెంబరు నెలాఖరున ఆకు రాలిన పొదలో ఏదైనా పక్షి పాట వినిపించిందంటే అది రెన్ కావచ్చు, లేదా రాబిన్ అనే ఎర్రరొమ్ము పిట్ట కావచ్చు. సంవత్సరాంతపు వేడుకల్లోకి, కథల్లోకి ఈ రెండు పక్షులే జంటగా ప్రవేశించడం యాదృచ్ఛికం కాదనుకుంటాను.

మగపక్షి వసంతంలో ఒకటి కాదు, అరడజను దాకా గూళ్లను నాచుతో, ఆకులతో, పైకప్పుతో సహా గుండ్రంగా అల్లుతుంది. ఆడపక్షి వచ్చి వాటన్నిటినీ చూసి, నచ్చినదానిలో ఈకలు పరచుకొని గుడ్లు పెడుతుంది. శీతాకాలంలో మాత్రం తమలో తాము తగవులు పడే ఈ పిట్టలే చలికి తట్టుకోలేక ఒకే గూట్లో కిక్కిరిసి పడుకుంటాయి. 1969లో ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో ఒకే పెట్టెగూటిలో 61 రెన్‌లు రాత్రి గడపడం నమోదయింది. 1962-63 నాటి తీవ్రమైన చలికాలంలో బ్రిటన్‌లోని రెన్‌లలో చాలా భాగం చనిపోయాయి. కొన్నేళ్లలోనే మళ్లీ పుంజుకున్నాయి. ఇప్పుడు ఆ దేశంలో అన్నిటికంటే ఎక్కువ సంఖ్యలో గూడు కట్టే పక్షి ఇదే.

రెన్ కుటుంబంలోని తక్కిన జాతులన్నీ అమెరికా ఖండాలకే పరిమితం; యూరప్, ఆసియాలలో ఉన్నది ఈ ఒక్కటే. మన దేశంలో కాశ్మీరు నుంచి అరుణాచల్ వరకు హిమాలయాల్లో కనిపిస్తుంది కాని తెలుగు నేలమీద లేదు. అందుకే దానికి మనకొక పేరు లేదు, కథా లేదు. కులూ వైపు ఒక వాగు పక్కన బండరాళ్ల మధ్య నేను దానిని చూశాను. కనిపించడానికి ముందు చాలాసేపు వినిపించింది.

పడమటితీరం:

నేను ఉద్యోగరీత్యా ఐర్లండ్ నైరుతి భాగంలో ఉంటున్నాను. ఇక్కడ డిసెంబరు 26ను ఐరిష్‌లో లా ఆన్ ద్రోలిన్, అంటే రెన్ దినం అంటారు. క్రైస్తవ పంచాంగం ప్రకారం ఆ రోజు తొలి హతసాక్షి సెయింట్ స్టీఫెన్ పండుగ. తెలుగు బైబిలు చదివేవారికి ఆయన స్తెఫనుగా తెలుసు. కెర్రీ కౌంటీలోని డింగిల్ పట్టణంలో ఈ వేడుక ఎన్నడూ పూర్తిగా ఆగిపోలేదు. గ్రీన్ అండ్ గోల్డ్, గోట్ స్ట్రీట్, జాన్ స్ట్రీట్, కీ అనే పేర్లతో వీధుల వారీగా బృందాలు ఉంటాయి. గడ్డితో అల్లిన దుస్తులు, ముఖం కనిపించకుండా గడ్డితోనే అల్లిన పొడవాటి టోపీలు ధరించి, పిల్లనగ్రోవులు, డోళ్లు వాయిస్తూ ఊరంతా తిరుగుతారు. తెల్లబట్ట కప్పిన చెక్కగుర్రం ఒకటి వారితో ఉంటుంది. దాని దవడలు టపటపా కొట్టుకుంటూ ఉంటే చిన్నపిల్లలు కేకలు పెట్టి పరుగులు తీస్తారు.

పాత రోజుల్లో పిట్టను నిజంగానే చంపి, రంగు కాగితాలు, రిబ్బన్లు కట్టిన హాలీ కొమ్మకు వేలాడదీసేవారు. ఇంటి ముందు నిలబడి పాడే పాట భావం ఇది: పక్షులన్నిటికీ రాజైన రెన్, స్తెఫను పండుగనాడు ముళ్లపొదలో దొరికింది; తాను చిన్నదే అయినా దాని వంశం గొప్పది; ఇల్లాలా, లేచి మాకేమైనా పెట్టు. రెన్‌ను పాతిపెట్టడానికి ఒక పెన్నీ ఇవ్వండి అన్న పంక్తి కూడా చాలాచోట్ల వినిపిస్తుంది. డబ్బు ఇచ్చినవారికి ఒక ఈక ఇచ్చేవారు. అది ఏడాది పొడవునా అదృష్టాన్ని నిలుపుతుందని నమ్మకం. పోగైన సొమ్ముతో ఆ రాత్రి గాని, తర్వాతి రోజుల్లో గాని ఎవరి ఇంట్లోనైనా సంగీతం, నాట్యం, తాగుడుతో విందు చేసుకునేవారు. నేటి ఊరేగింపుల్లో నిజమైన పక్షి ఉండదు. కొమ్మ మీద బొమ్మపిట్ట ఉంటుంది, వసూలైన డబ్బు చాలావరకు ధర్మకార్యాలకు వెళుతుంది.

ఎందుకు చంపుతారని అడిగితే ఇక్కడివారు చెప్పే కారణం ద్రోహం. స్తెఫను శత్రువులకు దొరకకుండా పొదలో దాగి ఉండగా ఈ పిట్ట కిచకిచలాడి ఆయనను పట్టించిందని ఒక కథ. ఐరిష్ సైనికులు నిద్రపోతున్న శత్రువులమీద దాడి చేయబోతుండగా రెన్ ఒకటి డోలు మీద పడిన రొట్టె పలుకులను ముక్కుతో పొడిచి శత్రువులను మేలుకొలిపిందని ఇంకొక కథ. ఆ శత్రువులు కొన్ని ఊళ్లలో వైకింగులు, కొన్ని ఊళ్లలో 17వ శతాబ్దంలో ఐర్లండ్‌మీద దండెత్తిన ఆంగ్ల సేనాని క్రామ్‌వెల్ సైనికులు.

పాతరాతి:

పడమటితీరం గారు చెప్పిన డోలు కథకు వ్రాతపూర్వకమైన పాత సాక్ష్యం ఉన్నది. జాన్ ఆబ్రే అనే ఆంగ్ల పరిశోధకుడు 1696లో అచ్చు వేయించిన సంకలనంలో, ఉత్తర ఐర్లండ్‌లో ప్రొటెస్టెంటు సైనికులు నిద్రలో ఉండగా రెన్‌లు డోళ్లమీద గెంతి వారిని లేపాయని, అందుకే ఐరిష్‌వారు వాటిని ద్వేషించి పండుగ రోజుల్లో కంచె నుంచి కంచెకు పరుగెత్తుతూ వేటాడతారని ఉన్నది. గమనించవలసినది ఏమిటంటే, వేట అప్పటికే ఉన్న ఆచారం. కథ దానికి కారణంగా చెప్పబడుతున్నది. శత్రువు పేరు ఊరికి ఒకటిగా మారుతున్నదంటే, కారణం తరువాత వచ్చి చేరినదనే అనుకోవాలి.

ఇక రాజరికం సంగతి. పక్షులన్నీ కలిసి, అందరికంటే ఎత్తుకు ఎగిరినదే రాజు అని పందెం పెట్టుకున్నాయట. గద్ద అన్నిటినీ మించి ఎగిరి, ఇక రెక్క ఆడించలేని ఎత్తుకు చేరాక, దాని ఈకల్లో దాగి ఉన్న రెన్ బయటికి వచ్చి ఇంకొంచెం పైకి ఎగిరింది. ఇది ఐర్లండ్‌లోనూ ఉన్నది, స్కాట్లండ్‌లోనూ ఉన్నది. అయితే కెల్టులకు మాత్రమే చెందినది కాదు. గద్ద భుజమెక్కిన చిన్న పక్షి కథను మొదటి, రెండవ శతాబ్దాల నాటి గ్రీకు రచయిత ప్లూటార్క్ ఈసప్ పేరుమీద ప్రస్తావించాడు. అంతకు ముందే అరిస్టాటిల్, ఆ చిన్న పక్షిని రాజు అంటారని, గద్దకు దానితో వైరమని రాశాడు. జర్మన్లు దానిని కంచెరాజు అంటారు, డచ్చివారు శీతరాజు అంటారు. గ్రీకులు చెప్పిన పక్షి నేటి రెన్ కాక, నెత్తిన బంగారు రంగు చార ఉన్న గోల్డ్‌క్రెస్ట్ అయి ఉండవచ్చునని కొందరి అభిప్రాయం. కిరీటం ఉన్న పక్షి పదవి కిరీటం లేని పక్షికి సంక్రమించడం అసంభవమేమీ కాదు.

రోమన్ రచయిత సూటోనియస్ జూలియస్ సీజరు చరిత్రలో ఇంకొక విశేషం రాశాడు. సీజరు హత్యకు ముందురోజు, రాజు అనే పేరున్న చిన్న పక్షి ఒకటి లారెల్ కొమ్మను ముక్కున కరచుకొని పాంపే సభామందిరంలోకి ఎగిరిందట. పక్కనున్న తోపులోని రకరకాల పక్షులు వెంటాడి దానిని అక్కడే చీల్చి చంపాయట. రాజు పేరుగల పిట్టను గుంపు వెంటాడి చంపడం అన్న ఊహ క్రీస్తుశకం రెండవ శతాబ్దం ఆరంభానికే రోమ్‌లో ఉన్నదని దీనివల్ల తెలుస్తున్నది. ఇందులో డ్రూయిడ్ల ప్రసక్తి ఎక్కడా లేదు.

సాయంసంధ్య:

పాతరాతి గారూ, మీరు చెప్పినదాని ప్రకారం రాజు అన్న బిరుదు యూరప్ అంతటిదీ అయింది. అలాంటప్పుడు డ్రూయిడ్ల మాట పూర్తిగా కల్పితమేనా? వేల్స్ భాషలో డ్రూ అన్న ఒకే మాటకు రెన్ అనీ, జోస్యుడు అనీ రెండు అర్థాలున్నాయని చదివాను.

మంచుకొండ:

ఆ ప్రశ్నకు రెండు పాత ఆధారాలు చూపగలను. మొదటిది ఐర్లండ్‌లోని కాషెల్ రాజూ, బిషప్పూ అయిన కోర్మాక్ మాక్ కుల్లెనాన్ పేరుమీద ఉన్న ఐరిష్ నిఘంటువు. ఆయన 908లో యుద్ధంలో మరణించాడు. ఆ నిఘంటువులో రెన్ పేరును డ్రూయిడ్ పక్షిగా విడదీసి, జోస్యం చెప్పే పక్షి అని వివరించారు. నేటి భాషావేత్తలు ఈ వ్యుత్పత్తిని అంగీకరించరు. అయినా పదవ శతాబ్దపు పండితుడికి ఆ వ్యుత్పత్తి సహజంగా తోచిందంటే, అప్పటి జనం రెన్ కూతను శకునంగా వినేవారన్న మాట.

రెండవ ఆధారం దీనిని బలపరుస్తుంది. డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో ఉన్న ఒక ఐరిష్ వ్రాతప్రతిలో కాకోలం కూతకు, రెన్ కూతకు ఫలితాలు చెప్పే చిన్న గ్రంథం ఉన్నది; 1916లో అది అచ్చయింది. రెన్ తూర్పు నుంచి కూస్తే అతిథులు వస్తున్నారని, నీకూ సూర్యుడికీ నడుమ నిలిచి కూస్తే నీకు ఇష్టమైన వ్యక్తి చనిపోతాడని, వెనుక నుంచి కూస్తే నీ భార్యను మరొకడు ఆశిస్తున్నాడని అందులో దిక్కుల వారీగా ఉన్నది. కాకి అరిస్తే చుట్టాలు వస్తారని, బల్లి ఏ వైపు పడితే ఏ ఫలమో అని పంచాంగం వెనక పేజీల్లో చదువుకున్నవారికి ఆ పట్టిక ధోరణి ఏమాత్రం కొత్తగా ఉండదు. చూసినవారికి అది గృహస్థుల కోసం రాసినదిగానే కనిపిస్తుంది. అతిథులు, భార్య, దగ్గరివారి చావు తప్ప అందులో బలులూ రహస్య క్రతువులూ లేవు.

వేల్స్ వైపు చూస్తే, మబినోగి అనే మధ్యయుగపు వేల్స్ కథల నాలుగవ శాఖలో రెన్ ఒక్కసారే కనిపిస్తుంది గాని కథను మలుపు తిప్పుతుంది. తాను పెట్టేదాకా తన కొడుకుకు పేరు ఉండకూడదని అరియన్‌రోడ్ శపిస్తుంది. మాయావి అయిన గ్విదియన్ ఆ పిల్లవాడిని వెంటబెట్టుకొని, ఇద్దరూ చెప్పులు కుట్టేవారి వేషంలో ఆమె కోట దగ్గరికి పడవలో వస్తారు. పాదాల కొలత ఇవ్వడానికి ఆమె పడవెక్కినప్పుడు ఒక రెన్ పడవ అంచున వాలుతుంది. పిల్లవాడు విసిరిన దెబ్బ దాని కాలిలో నరానికీ ఎముకకూ నడుమ తగులుతుంది. ఆమె నవ్వి, ఈ తెల్లనివాడి చేయి ఎంత నేర్పుగలది అంటుంది. ఆ మాటే అతని పేరై, లెయు లౌ గఫెస్ అని స్థిరపడుతుంది. ఈ కథ 14వ శతాబ్దపు వ్రాతప్రతుల్లో మనకు దక్కింది, కథ అంతకంటే పాతది. పేరులేని బాలుడు పక్షుల రాజును కొట్టి పేరు సంపాదించుకోవడం, తరువాత పాలకుడు కావడం నాకు చాలా అర్థవంతంగా తోస్తున్నది. లక్ష్యం ఎంత చిన్నదైతే గురి అంత గొప్పదని చెప్పడానికే రెన్‌ను తెచ్చారనే వాదన కూడా ఉన్నది, దానిని కాదనలేను.

పాతరాతి:

శకునపక్షి అన్నంతవరకు మంచుకొండ గారితో ఏకీభవిస్తున్నాను. అక్కడి నుంచి బలి దాకా వెళ్లడానికే నాకు అభ్యంతరం. రెన్ వేటను సంవత్సరాంతపు ఆచారంగా స్పష్టంగా వర్ణించిన రాతలు 17వ శతాబ్దం చివరికి ముందు దొరకవు. ఆబ్రే సంగతి పైన రాశాను. అదే కాలంలో ఎడ్వర్డ్ లుయిడ్ అనే వేల్స్ పండితుడు, వేల్స్‌లోని పెంబ్రోక్‌షైర్‌లో పన్నెండో రాత్రి పండుగకు, అంటే జనవరి 6 ప్రాంతంలో, రిబ్బన్లు కట్టిన పాడె మీద రెన్‌ను మోసుకుంటూ యువకులు పాటలు పాడతారని నమోదు చేశాడు. మాన్ దీవి గురించి జార్జ్ వాల్డ్రన్ రాసినది 1731లో అచ్చయింది. డ్రూయిడ్లకూ ఈ రాతలకూ మధ్య వెయ్యేళ్లకు పైగా ఖాళీ ఉన్నది.

ఆ ఖాళీని పూరించినవి ప్రధానంగా రెండు రచనలు. 1890 నుంచి పెరుగుతూ వచ్చిన జేమ్స్ ఫ్రేజర్ బృహద్గ్రంథం రెన్ వేటను దివ్యజంతువును ఏడాదికోసారి చంపి, దాని శక్తిని ఊరంతా పంచుకునే క్రతువుగా చూసింది. 1948లో కవి రాబర్ట్ గ్రేవ్స్ మరింత ముందుకు వెళ్లి, కొత్త సంవత్సరపు ప్రతినిధి రాబిన్ పాత సంవత్సరపు ప్రతినిధి రెన్‌ను చంపుతుందని రాశాడు. నేడు అంతర్జాలంలో ప్రాచీన కెల్టిక్ జ్ఞానం అని తిరుగుతున్న ఓక్ రాజు, హాలీ రాజు కథలో రాబిన్, రెన్‌ల పోరాటం ఈ కవి ఊహ నుంచి వచ్చినదే. ఇంగ్లండ్ జానపదంలోనైతే రాబిన్, రెన్ దేవుడి కోడిపుంజు, కోడిపెట్ట. అవి భార్యాభర్తలు, శత్రువులు కావు.

పైగా ఈ వేట కెల్టిక్ భాషలు మాట్లాడే ప్రాంతాలకే పరిమితం కాలేదు. దక్షిణ ఫ్రాన్స్‌లోని కార్కసోన్‌లో డిసెంబరు మొదటి ఆదివారం యువకులు రెన్ వేటకు వెళ్లేవారు. ముందుగా కొట్టినవాడు ఆ ఏటి రాజు. జనవరి 6న అతడు కిరీటం, రాజదండం ధరించి చర్చికి వెళ్లేవాడు, అతని ముందు గడకర్ర కొసన పిట్ట నడిచేది.

ఊరుమ్మడి:

పాతరాతి గారూ, 17వ శతాబ్దానికి ముందు ఏమీ లేదనడం కొంచెం తొందరపాటు. సెయింట్ మోలింగ్ మధ్యయుగపు ఐరిష్ చరిత్రను మీరు వదిలేశారు. ఏడవ శతాబ్దపు ఈ సన్యాసికి రొద చేస్తూ సంగీతం వినిపించే ఒక ఈగ పెంపుడుదిగా ఉండేది. దానిని రెన్ తిన్నది, రెన్‌ను పిల్లి తిన్నది. అప్పుడు మోలింగ్ రెన్‌ను శపిస్తూ, దాని నివాసం ఎప్పుడూ నీళ్లు కారే పాడుబడిన ఇళ్లలో ఉండుగాక, పిల్లలూ కుర్రవాళ్లూ దానిని నాశనం చేస్తూ ఉందురుగాక అంటాడు. పాడు గోడల్లో రెన్ ఎందుకు ఉంటుంది, కుర్రవాళ్లు దానిని ఎందుకు వేటాడతారు అన్న రెండు ప్రశ్నలకు ఇది జవాబుగా చెప్పిన కథ. కుర్రవాళ్లు రెన్‌లను చంపడం ఆనాటి శ్రోతలకు ముందే తెలిసి ఉండాలి కదా.

పాతరాతి:

మంచి ఆధారం చూపించారు. పిల్లలు రెన్‌లను కొట్టడం మధ్యయుగంలో ఉన్నదనడానికి అది చాలు. నేను అడుగుతున్నది ఆ ప్రత్యేకమైన రోజు, ఊరేగింపు, పాట, వసూలు గురించి. ఆ శాపంలో పండుగ లేదు, రాజు లేదు, స్తెఫనూ లేడు.

ఊరుమ్మడి:

అంగీకరిస్తాను, కాని రాతలో లేనిది ఊళ్లో లేదనుకోను. సన్యాసులకు కుర్రవాళ్ల పండుగ ఆటలు రాసిపెట్టవలసిన విషయాలుగా తోచి ఉండకపోవచ్చు.

నావికుడు:

మాన్ దీవి గురించి ఒక్క వాక్యంతో దాటవేయడం అన్యాయం. వాల్డ్రన్ రాసిన ప్రకారం, డిసెంబరు 24 రాత్రి సేవకులకు సెలవు. అర్ధరాత్రి చర్చి గంటలు మోగాక వారు రెన్ కోసం బయలుదేరి, ఒకదానిని పట్టి చంపి, పాడె మీద పెట్టి చర్చికి తెచ్చి, మాన్ భాషలో శోకగీతాలు పాడుతూ సమాధి చేసేవారు. అది ముగిశాకే క్రిస్మస్ మొదలైనట్టు. చంపినవారే ఏడ్వడం, చంపినదానికే చర్చి మర్యాద చేయడం చూస్తే, ద్రోహానికి శిక్ష అన్న వివరణ ఇక్కడ అతకదు. శత్రువు శవానికి ఎవరూ శోకగీతం పాడరు.

ఆ దీవిలో కారణంగా చెప్పే కథ కూడా వేరు. మగవారిని తన అందంతో, పాటతో మైమరపించి నీటిలోకి నడిపించి ముంచేసే ఒక మాయావిని ఉండేది. వాల్డ్రన్ చెప్పిన కథలో ఆమె పేరు తెహి తెగి, చివరికి గబ్బిలమై ఎగిరిపోతుంది. 19వ శతాబ్దపు రచనల్లో మాత్రం ఒక వీరుడు ఆమెను అంతం చేయబోగా ఆమె రెన్‌గా మారి తప్పించుకుంటుంది. ఏటా ఒక రోజు ఆ రూపంలోనే తిరిగి రావాలని, చివరికి మనిషి చేతిలోనే చావాలని ఆమెకు శాపం. గబ్బిలం రెన్‌గా మారిన ఈ తీరు చూస్తే, అప్పటికే ఉన్న వేటకు కథను తెచ్చి అతికించారన్న పాతరాతి గారి మాటకు బలం చేకూరుతున్నది. మాన్ జాలరులు ఆ రోజు దొరికిన రెన్ ఈకను పడవ మునగకుండా కాపాడుతుందని ఏడాదంతా దాచుకునేవారు. మగవారిని నీటిలో ముంచే ఆ మాయగత్తె ఈకే పడవను మునగకుండా కాపాడుతుందనడంలోని తర్కం నాకు బాగా నచ్చింది. ఇప్పటికీ సెయింట్ జాన్స్ వంటి ఊళ్లలో డిసెంబరు 26న ఆకులు, రిబ్బన్లు కట్టిన పొదను మధ్యలో పెట్టి దాని చుట్టూ నాట్యం చేస్తారు. అందులో పిట్ట ఉండదు.

స్కాట్లండ్ నైరుతి మూలనున్న గాలోవే ప్రాంతంలో ఇంకొక పద్ధతి ఉండేది. పిట్టను పట్టి, మెడకూ కాళ్లకూ రిబ్బన్లు కట్టి, ప్రాణంతోనే వదిలేసేవారు.

గూటిగువ్వ:

సాయంసంధ్య గారు మొదట అడిగిన పొక్కుల నమ్మకం బ్రిటనీది. రెన్ పిల్లలను గూటిలో ముట్టుకున్న పిల్లలకు సెయింట్ లారెన్స్ అగ్ని అనే పొక్కులు ముఖంమీద, కాళ్లమీద లేస్తాయని చెప్పేవారు. లారెన్స్ నిప్పులమీద కాల్చబడిన హతసాక్షి కనుక ఆ పేరు వచ్చింది. నిప్పుతో రెన్‌కు ఉన్న బంధం మాత్రం వేరొక కథలోనిది. భూమిమీద నిప్పు లేని కాలంలో స్వర్గం నుంచి తేవడానికి పక్షుల్లో రెన్ ఒక్కటే ఒప్పుకున్నదని నార్మండీలో, బ్రిటనీలో చెబుతారు. తెచ్చేలోగా దాని ఈకలన్నీ కాలిపోయాయి. తక్కిన పక్షులు జాలిపడి తలా ఒక ఈక ఇచ్చాయి. గుడ్లగూబ మాత్రం ఇవ్వలేదు, అందుకే అది పగలు కనిపిస్తే పక్షులన్నీ తరుముతాయి. మచ్చలూ చారలూ కలగలిసిన రెన్ ఒంటిరంగును చూసినవారికి ఈ కథ ఎలా పుట్టిందో తేలికగా అర్థమవుతుంది.

బ్రిటనీలో పూజ్యుడైన సెయింట్ మాలో చరిత్రలో, ఆయన పనిచేసుకుంటూ తీసిపెట్టిన పైవస్త్రంలో రెన్ గుడ్డు పెట్టిందని, గుడ్లు పొదిగేదాకా ఆయన దానిని కదిలించలేదని ఉన్నది. ఆ చరిత్ర 9వ శతాబ్దంలో రాసినది. ఒక సన్యాసి శపించాడు, ఇంకొక సన్యాసి వస్త్రం వదిలిపెట్టాడు. క్రైస్తవులు రెన్‌ను పగబట్టారన్న ఏకవాక్య వివరణకు ఇక్కడే గండి పడుతున్నది.

ఊరుమ్మడి:

ఇంతవరకు అందరమూ పిట్ట వైపు నుంచే ఆలోచిస్తున్నాం. వేటాడినది ఎవరు? వాల్డ్రన్ చెప్పినవారు సేవకులు. ఐర్లండ్‌లో 19వ శతాబ్దంలో తిరిగినవారు ఎక్కువగా కూలీలు, చిన్న రైతుల కొడుకులు, నిరుపేద కుర్రవాళ్లు. శీతాకాలం నడుమ పనీ డబ్బూ లేనివారు ముఖానికి మసి పూసుకొని, ఆడవేషాలు వేసుకొని, తలుపు తట్టి అడగడానికి ఏడాదిలో దొరికే ఒకే ఒక్క అనుమతి ఆ రోజు. వారు యాచకులుగా రాలేదు, రాజును మోసుకొని వచ్చారు. తాను చిన్నదే అయినా దాని వంశం గొప్పది అన్న పంక్తిని భూస్వామి ఇంటి వాకిట నిలబడి పాడినప్పుడు అది పిట్ట గురించే కాదని ఇంటివారికీ తెలుసు. కొన్ని ఊళ్లలో ఏమీ ఇవ్వని ఇంటి వాకిట రెన్‌ను పాతిపెడతామని బెదిరించేవారు. అలా చేస్తే ఆ ఇంటికి ఏడాదంతా దురదృష్టం. గద్ద వీపెక్కి పైకి పోయిన పిట్టను రాజుగా ఎంచుకున్నవారు గద్దలు కారు.

ఈ దృష్టితో చూస్తే పవిత్రత, హింస అన్నవి రెండూ ఒకే పనికి ఉపయోగపడ్డాయి. మామూలు పిచ్చుకను చంపి తెస్తే ఎవరూ తలుపు తీయరు. చంపకూడనిదానిని చంపి తెచ్చినప్పుడే ఇంటివారికి భయమూ గౌరవమూ కలుగుతాయి, ఈకకు విలువ వస్తుంది.

పాతరాతి:

ఈ వ్యాఖ్యానం నాకు డ్రూయిడ్ల కంటే చాలా నమ్మదగినదిగా ఉన్నది. దీనినే మరీ లాగి, రెన్ పాటలన్నీ 1381 నాటి ఇంగ్లండ్ రైతుల తిరుగుబాటు రహస్య గీతాలని చెప్పేవారూ ఉన్నారు. అంతదూరం పోవద్దని మనవి. కట్టీ రెన్ అనే పాటకు ఆ తిరుగుబాటుతో సంబంధం ఉన్నదన్న మాట 1944లో మొదలైనది. ఆ పాట అచ్చు రూపం 1776 నాటిది.

పడమటితీరం:

ఊరుమ్మడి గారు చెప్పిన వర్గకోణానికి అవతలి వైపు కూడా ఒక సాక్ష్యం ఉన్నది. 1845లో కార్క్ నగర మేయరు రిచర్డ్ డౌడెన్, మూగజీవుల పట్ల క్రూరత్వం పేరుతో, స్తెఫను పండుగనాడు రెన్‌ను వేటాడడాన్ని నిషేధిస్తూ ప్రకటన జారీ చేశాడు. పిట్టమీద జాలి ఎంత, వీధుల్లో గుంపుగా తిరిగే కుర్రవాళ్లమీద చిరాకు ఎంత అన్నది విడదీసి చెప్పడం కష్టం. ఇప్పుడు రెన్‌కు 1976 నాటి వన్యప్రాణి చట్టం రక్షణ ఉన్నది.

సాయంసంధ్య గారికి ఒక సూచన. 1937 నుంచి 1939 వరకు ఐరిష్ జానపద సంఘం వేల పాఠశాలల పిల్లలచేత వారి తాతలు, అవ్వలు, ఇరుగుపొరుగు చెప్పిన సంగతులను నోటు పుస్తకాల్లో రాయించింది. ఆ పుటలు ఇప్పుడు దూకస్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. రెన్ అని వెతికితే ఒకే కౌంటీలోని పక్కపక్క ఊళ్లలో పాట ఎలా మారిందో, ఎక్కడ స్తెఫను ఉన్నాడో, ఎక్కడ క్రామ్‌వెల్ ఉన్నాడో పిల్లల చేతిరాతలోనే కనిపిస్తుంది. డ్రూయిడ్ల మాట వాటిలో ఎన్నిచోట్ల ఉన్నదో మీరే వెతికి చూసి ఇక్కడ రాయండి.

సాయంసంధ్య:

తప్పక చూస్తాను. ముందుగా కెర్రీ, లిమరిక్ పుటలతో మొదలుపెట్టి, పాట పాఠాంతరాలను ఊరి పేర్లతో సహా ఇక్కడే వరుసగా ఉంచుతాను. వేల్స్ వైపు ఆధారాలు తెలిసినవారు ఇంకెవరైనా ఉంటే వాటినీ జోడించండి. కార్డిఫ్ దగ్గరి సెయింట్ ఫాగన్స్ ప్రదర్శనశాలలో పెంబ్రోక్‌షైర్‌లోని మార్లోస్ గ్రామానికి చెందిన, 1869 నాటి రెన్ ఇల్లు ఉన్నదని తెలిసింది. అది పిట్టను ఉంచి మోయడానికి రిబ్బన్లతో అలంకరించిన చిన్న చెక్క ఇల్లు. మంచుకొండ గారు దానిని చూసి ఉంటే, దానితోపాటు పాడిన పాట ఐరిష్ పాటకు దగ్గరగా ఉన్నదా లేదా అన్నది చెప్పగలరా?

మంచుకొండ:

ఆ ఇంటిని చూశాను. కిటికీలు పెట్టిన చిన్న పెట్టె అది, పైన రంగు రిబ్బన్లు. పాట మాత్రం ఐరిష్ పాటలా నేరుగా అడిగేది కాదు. ఆనందం, ఆరోగ్యం, ప్రేమ, శాంతి ఈ ఇంట నిలుచుగాక అని ముందు దీవించి, తరువాత రాజు వచ్చాడని చెబుతుంది. పెంబ్రోక్‌షైర్‌లో ఇది స్తెఫను పండుగకు కాక జనవరి 6 ప్రాంతంలో జరిగేది కనుక స్తెఫను ద్రోహం కథకు అక్కడ చోటు లేదు. మీరు పాఠాంతరాలు ఉంచినప్పుడు ఈ పాటను కూడా పూర్తిగా అనువదించి పక్కన పెడతాను.